అదృశ్యమైన భవనం – చెదరిన శకలాలు

పాత ఇంటిని కూలదోసినప్పుడు అందులోని సామగ్రి అంతా మట్టిలో కలిసిపోదు. టేకు దూలాలు, చెక్కడపు ద్వారబంధాలు, రాతి స్తంభాలు, మెట్ల బండలు, ఇనుప కటకటాలు మొదలైన వాటికి ఎప్పుడూ గిరాకి ఉంటుంది. ఒక మండువా లోగిలి స్తంభం మరొకరి అరుగు మీద నిలబడడం, పాడుబడిన కోట రాయి ఊరి బావి గట్టుకు చేరడం మన పల్లెలలో అందరూ చూచిన సంగతే. మొదటి ఒకటి రెండు తరాల వారికి ఆ రాయి ఎక్కడనుండి వచ్చినదో జ్ఞాపకం ఉంటుంది. ఆ తరువాత జ్ఞాపకం కథ అవుతుంది. కథ క్రమంగా మారిపోతుంది. నూరేళ్ళు గడిచేసరికి రాయి మిగులుతుంది గాని దాని పుట్టు పూర్వోత్తరాలు మిగలవు.

ఇట్లు చెదరిపోయిన శకలాలను గుర్తించి, అవి ఏ భవనానివో నిర్ణయించి, వాటి సాయంతో లేని భవనాన్ని కాగితం మీద తిరిగి నిలబెట్టడం చరిత్రకు సంబంధించిన పనే అయినా, అందులో భూగర్భశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, రేఖాగణితం అన్నీ పాలుపంచుకొంటవి. ఈ పని ఎట్లా జరుగుతుందో తెలుసుకోవడానికి ఇంగ్లండులోని ఒక ప్రసిద్ధ భవనాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును.

ముప్పది ఏళ్ళయినా నిలవని వైభవం

లండన్ నగరానికి వాయవ్యంగా, ఒకప్పటి మిడిల్‌సెక్స్ జిల్లాలోని లిటిల్ స్టాన్‌మోర్ గ్రామంలో కానన్స్ అనే పేరుగల ఎస్టేటు ఉండేది. దాని యజమాని జేమ్స్ బ్రిడ్జెస్. ఇతడు 1705 నుండి 1713 వరకు విదేశాలలోని ఇంగ్లీషు సేనలకు జీతాలు బట్వాడా చేసే ఉద్యోగంలో ఉండి అపారమైన ధనం కూడబెట్టినాడు. 1719లో ఛాండోస్ డ్యూక్ అనే బిరుదు పొందినాడు. పాత ఇంటి స్థానంలో 1713 నుండి పదేళ్ళకు పైగా శ్రమించి ఒక మహాభవనాన్ని లేవనెత్తించినాడు. విలియం టాల్మన్, జాన్ జేమ్స్, జేమ్స్ గిబ్స్ మొదలైన వాస్తుశిల్పులు ఒకరి తరువాత ఒకరు ఆ పనికి నియుక్తులయినారు. భవనానికి రెండు లక్షల పౌనులు ఖర్చయినదని ఆనాటివారు చెప్పుకొన్నారు. భవనంలోని ప్రార్థన మందిరానికి కప్పు మీద ఇటలీ చిత్రకారుడు ఆంటోనియో బెల్లూచి చిత్రాలు గీసినాడు. ప్రఖ్యాత సంగీతకర్త హాండెల్ 1717–18 సంవత్సరాలలో అక్కడ ఉండి డ్యూకుగారి గాయకబృందం కొరకు భక్తిగీతాలు కూర్చినాడు.

ఈ వైభవం ఎక్కువకాలం నిలువలేదు. 1720లో సౌత్ సీ కంపెనీ వాటాల ధర ఒక్కసారిగా కుప్పకూలినప్పుడు డ్యూకు చాలా ధనం పోగొట్టుకొన్నాడు. అతడు 1744లో మరణించిన తరువాత, అప్పులతో సహా ఆస్తిని పొందిన కుమారునికి అంత పెద్ద భవనాన్ని నిర్వహించడం శక్తికి మించిన పని అయినది. కొనేవారు లేరు. కనుక భవనాన్ని విడదీసి ముక్కలుగా అమ్మడానికి నిశ్చయించినాడు. 1747 జూన్ 16వ తేదీన వేలం మొదలై పన్నెండు రోజులు సాగినది. గోడలు, మెట్లు, స్తంభాలు, కిటికీలు, తలుపులు, సీసపు రేకులు అన్నీ వేరువేరు పాటదారుల పాలయినవి. కొద్దికాలంలో కానన్స్ అనే భవనం భూమి మీద లేకుండా పోయినది. ఆ స్థలాన్ని విలియం హాలెట్ అనే బీరువాలు, బల్లలు చేయించే వర్తకుడు కొని అంతకంటె చాలా చిన్న ఇల్లు కట్టుకొన్నాడు. 1929 నుండి అందులో ఒక బాలికల పాఠశాల నడుస్తున్నది.

ఆ వేలానికి వచ్చిన వారు తమ తమ బండ్లలో ఏమేమి తీసుకొనిపోయినారు? అవి ఇప్పుడు ఎక్కడ ఉన్నవి? పరిశోధకుల ముందున్న సమస్య ఇది.

మొదటి సాక్షి – కాగితం

శకలాన్ని చేతబట్టుకొని పరిశోధన ప్రారంభించడం కంటె, కాగితాలతో ప్రారంభించడం మంచిది. కానన్స్ విషయంలో కాగితాలు సమృద్ధిగానే లభించినవి. 1747లో వేలం కొరకు అచ్చు వేసిన సామగ్రి జాబితా ఉన్నది. అంతకు పూర్వం 1725లో తయారైన గృహోపకరణాల పట్టిక ఉన్నది. జాన్ ప్రైస్ అనే వాస్తుశిల్పి 1720లో అచ్చు వేయించిన ముఖభాగపు చిత్రం ఉన్నది. ఛాండోస్ కుటుంబపు పత్రాలు పెండ్లి సంబంధాల వల్ల స్టోవ్ అనే మరొక ఎస్టేటుకు చేరి, అక్కడినుండి 1925లో అమెరికాలోని కాలిఫోర్నియాకు, హంటింగ్‌టన్ గ్రంథాలయానికి చేరినవి. భవనమే కాదు, భవనపు కాగితాలు కూడ సముద్రాలు దాటి చెదరిపోయినవన్నమాట.

ఈ కాగితాలను ఉపయోగించడంలో ఒక క్రమం ఉన్నది. భవనం నిలిచి ఉన్నప్పుడు రాసిన పట్టిక "ఈ వస్తువు అక్కడ ఉండేది" అని చెబుతుంది. వేలం జాబితా "ఈ వస్తువు అమ్మకానికి వచ్చినది" అని చెబుతుంది. కొన్నవాని లెక్కల పుస్తకం గాని ఉత్తరం గాని "ఈ వస్తువు నా వద్దకు చేరినది" అని చెబుతుంది. ఈ మూడూ దొరికితే గొలుసు పూర్తి అయినట్లే. ఒక్క కొక్కెం లేకపోయినా గొలుసు తెగినట్లే. అప్పుడు వస్తువే సాక్ష్యం చెప్పవలసి ఉంటుంది.

ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. పది యాత్రాదర్శినులు ఒకే మాట చెప్పినంత మాత్రాన పదిమంది సాక్షులు దొరికినట్లు కాదు. ఒకదానిని చూచి మరొకటి రాసినట్లయితే పది పుస్తకాలు కలిసి ఒక్క సాక్షికే సమానం. మొదట ఆ మాట ఎవరు చెప్పినారు, వారికి ఎట్లా తెలిసినది అన్న ప్రశ్న వేయవలెను.

రెండవ సాక్షి – కొలత

ఒక తోటలో విరిగిన స్తంభపు తునక దొరికినదనుకొందాము. పూర్తి వృత్తం లేదు. వంపు తిరిగిన ఒక పక్క మాత్రమే ఉన్నది. దీనినిబట్టి మొత్తం స్తంభపు మందం కనుగొనవచ్చునా? ఉన్నత పాఠశాల రేఖాగణితం చాలును.

వంపు మీద రెండు బిందువులను తీసుకొని వాటి మధ్య తిన్నని దూరం, అనగా జ్యా, కొలవవలెను. ఆ జ్యా మధ్యనుండి వంపు ఎంత ఎత్తుగా ఉన్నదో కొలవవలెను. జ్యా వర్గాన్ని ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, దానికి ఎత్తులో సగం కలిపితే వ్యాసార్ధం వస్తుంది. ఉదాహరణకు జ్యా 40 సెంటీమీటర్లు, ఎత్తు 8 సెంటీమీటర్లు అనుకొందాము. 1600ను 64తో భాగిస్తే 25. దానికి 4 కలిపితే 29. వ్యాసార్ధం 29 సెంటీమీటర్లు, వ్యాసం 58 సెంటీమీటర్లు.

ఈ ఫలితాన్ని మరొక మార్గంలో సరిచూడవచ్చును. ఐరోపా సంప్రదాయంలో అయోనిక్, కొరింథియన్ అనే తరగతులకు చెందిన స్తంభాలకు చుట్టూ సాధారణంగా 24 నిలువు గాడులు తీరుస్తారు. ఒక గాడి, దాని పక్కనున్న గట్టు కలిసి వంపు మీద 7.6 సెంటీమీటర్లు ఉన్నవనుకొంటే, చుట్టుకొలత 24 రెట్లు, అనగా 182.4 సెంటీమీటర్లు. దీనిని 3.14తో భాగిస్తే వ్యాసం సుమారు 58 సెంటీమీటర్లు. రెండు మార్గాలూ ఒకే చోటికి వచ్చినవి గనుక కొలతను నమ్మవచ్చును.

ఆ కాలపు వాస్తుగ్రంథాలలో స్తంభపు మందానికీ ఎత్తుకూ నిర్ణీతమైన నిష్పత్తులు ఉండేవి. అయోనిక్ స్తంభం ఎత్తు అడుగు వ్యాసానికి సుమారు తొమ్మిది రెట్లు. కనుక మన తునక స్తంభపు అడుగు భాగానిదే అయితే మొత్తం స్తంభం సుమారు 5.2 మీటర్ల ఎత్తు ఉండేదని ఊహించవచ్చును. అయితే స్తంభం పైకి పోయినకొద్దీ సన్నబడుతుంది. తునక ఏ ఎత్తులోనిదో తెలియనిదే ఈ లెక్క ఉజ్జాయింపుగానే ఉంటుంది.

కొలతలో చిన్న పొరపాటు కూడ ఫలితాన్ని ఎంత మారుస్తుందో గమనించండి. ఎత్తును 8కి బదులు 7.5 సెంటీమీటర్లుగా కొలిస్తే వ్యాసం 58 కాక సుమారు 61 సెంటీమీటర్లు అవుతుంది. అర సెంటీమీటరు తప్పు మూడు సెంటీమీటర్ల తప్పుగా పెరిగినది. అందుచేతనే పరిశోధకులు ఒకే తునకను అనేక చోట్ల కొలిచి సరాసరి తీస్తారు. ఇటీవలి కాలంలో లేజరు కిరణంతో రాతి ఉపరితలాన్ని లక్షలాది బిందువులుగా కొలిచి, కంప్యూటరులో దాని రూపాన్ని నిర్మించే పద్ధతి వచ్చినది. రెండు దేశాలలో ఉన్న రెండు ముక్కలు ఒకదానికొకటి అతుకుతవో లేదో వాటిని కదపకుండానే ఈ పద్ధతిలో పరీక్షించవచ్చును.

మూడవ సాక్షి – రాయి

రాళ్ళు పైకి ఒకే విధంగా కనిపించినా లోపలి నిర్మాణంలో భేదం ఉంటుంది. రాతినుండి చిన్న పలుకు తీసి, గాజు పలక మీద అతికి, 0.03 మిల్లీమీటరు మందం వచ్చేవరకు అరగదీస్తారు. అంత పలుచని రాతి గుండా వెలుతురు ప్రసరిస్తుంది. దానిని సూక్ష్మదర్శిని కింద చూచినప్పుడు అందులోని ఖనిజాలు, వాటి అమరిక, శిలాజాల తునకలు కనిపిస్తవి. లండన్ నగర భవనాలలో ఎక్కువగా వాడిన పోర్ట్‌లాండ్ రాయి ఒక సున్నపురాయి. జురాసిక్ యుగపు సముద్రంలో చేపగుడ్ల వంటి సన్నని సున్నపు గుండ్లు పేరుకొని అది ఏర్పడినది. దాని కొన్ని పొరలలో నత్తగుల్లల ఆకారపు ఖాళీలు, ఆలిచిప్పల తునకలు ఉంటవి.

చలువరాతి విషయంలో మరొక పరీక్ష ఉన్నది. చలువరాతిలోని కర్బనంలో, ఆమ్లజనిలో బరువైన, తేలికైన పరమాణువులు – వీటినే ఐసోటోపులంటారు – ఏ నిష్పత్తిలో ఉన్నవో కొలుస్తారు. ఆ నిష్పత్తి గనినిబట్టి మారుతుంది. గ్రీకు చలువరాళ్ళ గనులను గుర్తించడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతుందని హార్మన్ క్రెయిగ్, వలేరీ క్రెయిగ్ అనేవారు 1972లో చూపినారు.

అయితే రాతి పరీక్ష ఎంతవరకు రుజువు చేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో విద్యార్థులు స్పష్టంగా గ్రహించవలెను. ఒక శకలం పోర్ట్‌లాండ్ రాయి అని తేలినదనుకొందాము. లండన్‌లోని సెయింట్ పాల్ కెథడ్రల్ కూడ ఆ రాతితోనే కట్టినారు. ఇంకా వందలాది కట్టడాలు ఉన్నవి. కనుక రాయి కలవడం అవసరమైన నియమమే గాని చాలినంత నియమం కాదు. రాయి కలవకపోతే మాత్రం ఆ ఒక్క కారణం చేతనే వాదాన్ని తోసిపుచ్చవచ్చును. "అవును" అని చెప్పడం కంటె "కాదు" అని చెప్పడంలో ఈ పరీక్షకు బలం ఎక్కువ.

నాలుగవ సాక్షి – కలప

చెట్టు ఏటేటా ఒక వలయం చొప్పున పెరుగుతుంది. వర్షాలు బాగున్న ఏట వలయం వెడల్పుగా, కరవు ఏట సన్నగా ఉంటుంది. ఒక ప్రాంతంలోని చెట్లన్నిటిలో ఈ వెడల్పుల వరుస ఇంచుమించు ఒకే విధంగా ఉంటుంది. తేదీ తెలిసిన కలపలోని వరుసతో తేదీ తెలియని దూలంలోని వరుసను పోల్చి, ఆ దూలం ఏ సంవత్సరపు వలయాలను కలిగి ఉన్నదో చెప్పవచ్చును. అమెరికా ఖగోళశాస్త్రజ్ఞుడు ఏ. ఇ. డగ్లస్ ఈ శాస్త్రానికి పునాది వేసినాడు.

దూలానికి బెరడు అంచు మిగిలి ఉంటే చెట్టును నరికిన సంవత్సరమే తెలుస్తుంది. బెరడు పోయి, దాని లోపలి లేత కలప కొంత మిగిలి ఉంటే ఒక అంచనా కట్టవచ్చును. ఇంగ్లండులోని సిందూరపు చెట్లలో, అనగా ఓక్ చెట్లలో, ఈ లేత కలప వలయాలు సాధారణంగా 10 నుండి 45 వరకు ఉంటవి. చేవ మాత్రమే మిగిలితే "ఫలానా సంవత్సరానికి తరువాతనే నరికినారు" అని మాత్రం చెప్పగలము.

వలయాలు చెప్పేది చెట్టు నరికిన కాలాన్ని, ఇల్లు కట్టిన కాలాన్ని కాదు. 1680లో నరికిన దూలం 1850లో కట్టిన పశువుల కొట్టంలో కనిపిస్తే, అది నడుమ మరెక్కడనో పనిచేసి వచ్చినదని అర్థం. అటువంటి దూలానికి ఇప్పుడు ఏ పనీ లేని గాడులు, రంధ్రాలు ఉంటవి. ఒకప్పుడు వాటిలో వేరొక కర్ర దూర్చి బిగించి ఉండేవారు. వడ్రంగులు ఏ కర్ర ఏ కర్రతో కలవవలెనో తెలియడానికి ఉలితో చెక్కిన అంకెలు కూడ ఉంటవి. ఖాళీగా ఉన్న ఆ గాడుల దూరాలను కొలిచి, పాత కప్పు ఎంత వాలుగా ఉండేదో, దూలాలు ఎంత ఎడంగా ఉండేవో లెక్క కట్టవచ్చును.

చిన్న ఆనవాళ్ళు

పెద్ద సాక్షులు పలకనిచోట చిన్నవి పలుకుతవి. ఒకడు పైన, ఒకడు గోతిలో నిలిచి లాగిన రంపపు గీతలు చెక్క మీద తిన్నగా, ఎగుడుదిగుడు ఎడాలతో ఉంటవి. పందొమ్మిదవ శతాబ్దంలో వాడుకకు వచ్చిన గుండ్రని యంత్రపు రంపం వంపు గీతలను మిగులుస్తుంది. కమ్మరి సుత్తితో సాగగొట్టిన మేకు తల ఒక విధంగా, తీగను కత్తిరించి యంత్రం చేసిన మేకు తల మరొక విధంగా ఉంటుంది. 1824లో పేటెంటు పొందిన పోర్ట్‌లాండ్ సిమెంటు ఒక అతుకులో కనిపిస్తే ఆ అతుకు ఆ తరువాతిదే గాని ముందుది కాదు.

రంగుల పొరలు కూడ ఇటువంటివే. చెక్క మీదినుండి ఆవగింజంత పెచ్చు తీసి అడ్డంగా కోసి చూస్తే, తరతరాలుగా పూసిన రంగులు ఒకదాని మీద ఒకటి కనిపిస్తవి. ప్రష్యన్ నీలం అనే రంగును బెర్లిన్ నగరంలో 1704–06 ప్రాంతంలో కనుగొన్నారు. టైటేనియం తెలుపు ఇరవయ్యవ శతాబ్దంలో వాడుకకు వచ్చినది. ఏ పొరలో ఏ రంగు ఉన్నదో తెలిస్తే ఆ పొరకు ముందుహద్దు దొరుకుతుంది. రెండు తలుపులు నేడు వేరువేరు ఊళ్ళలో ఉన్నా, వాటి అడుగు పొరల వరుస ఒక్కటే అయి, పైపొరలు మాత్రమే వేరయితే, అవి ఒకప్పుడు ఒకే గదిలో ఉండి తరువాత విడిపోయి ఉండవచ్చునని ఊహించడానికి ఆధారం ఉన్నట్లే.

మేకు విషయంలో గాని, రంగు విషయంలో గాని మరచిపోరాని సంగతి ఒకటున్నది. కొత్త మేకు కనిపించినంత మాత్రాన చెక్క కొత్తది కాదు. అది మరమ్మతు నాటిది కావచ్చును. ప్రతి ఆనవాలు తన తేదీని మాత్రమే చెబుతుంది.

కానన్స్ శకలాలు – ఏవి రుజువైనవి?

ఈ సూత్రాలను కానన్స్ శకలాలకు అన్వయించి చూద్దాము.

అన్నిటికంటె స్పష్టమైన ఉదాహరణ వూస్టర్‌షైర్ జిల్లాలోని గ్రేట్ విట్లీ గ్రామపు చర్చి. అది 1735లో ప్రతిష్ఠ జరిగిన కట్టడం. కాని దాని కిటికీలకున్న రంగు గాజు పలకల మీద జాషువా ప్రైస్ అనే పనివాని సంతకం, 1719–21 నాటి సంవత్సరాలు ఉన్నవి. చర్చికంటె కిటికీ గాజు పాతది! అనగా ఆ గాజు మరొకచోట ఉండి ఇక్కడికి వచ్చినదని గాజే చెబుతున్నది. కాగితాలు మిగిలిన కథ పూరిస్తవి. 1747 వేలంలో రెండవ ఫోలీ ప్రభువు కానన్స్ ప్రార్థన మందిరపు గాజు పలకలను, బెల్లూచి గీసిన కప్పు చిత్రాలను కొని ఈ చర్చికి తరలించినాడు. చిత్రాలు గుడ్డ మీద గీసినవి గనుక చుట్టి తీసుకొనిపోవడం సాధ్యమైనది. కప్పు మీది గచ్చు లతలు, పూలు మాత్రం ఊడదీయరానివి. వాటికి అచ్చులు తీసి, కాగితపు గుజ్జుతో అదే రూపాలు పోతపోసి అతికినారు. కనుక విట్లీ కప్పులో చిత్రాలు కానన్స్ అసలు వస్తువులు. వాటి చుట్టూ ఉన్న అలంకారం అసలుకు నకలు. ఒకే కప్పులో ఉన్న రెండింటికీ ఈ తేడా చూపడమే శాస్త్రీయ దృష్టి.

చర్చిని ఆనుకొని ఉన్న ఫోలీల నివాసం విట్లీ కోర్ట్ 1937లో అగ్నిప్రమాదానికి గురి అయి మొండిగోడలుగా మిగిలినది. చర్చి మాత్రం బతికినది. కానన్స్‌నుండి వచ్చిన చిత్రాలు ఆ విధంగా రెండవసారి వినాశనం తప్పించుకొన్నవి.

అన్ని శకలాలకు ఆ అదృష్టం పట్టలేదు. కానన్స్ చలువరాతి మెట్లను, కొన్ని స్తంభాలను చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు కొని, లండన్‌లో తాను కట్టించుకొంటున్న చెస్టర్‌ఫీల్డ్ హౌస్‌లో అమర్చినాడు. ఆ స్తంభాలు కానన్స్‌నుండి వచ్చిన సంగతిని అతడు ఆ పేరు మీద శ్లేష వేసి ఒక ఉత్తరంలో ప్రస్తావించినాడు. యజమాని హాస్యం నేడు పరిశోధకులకు సాక్ష్యమైనది. కాని ఆ భవనాన్ని కూడ 1937లోనే కూలగొట్టినారు. ఒక భవనపు అవశేషాలు మరొక భవనంలో భద్రంగా ఉన్నవని తృప్తి పడడానికి వీలులేదని దీనివల్ల తెలుస్తున్నది.

గ్రిన్లింగ్ గిబ్బన్స్ అనే మహాశిల్పి చెక్కిన ఒక దారుశిల్పం, స్టీఫెన్ అనే క్రైస్తవ మహనీయుని రాళ్ళతో కొట్టి చంపే దృశ్యం, కానన్స్‌లో ఉండేది. తరువాత అది ఎన్‌ఫీల్డ్ ప్రాంతంలోని బుష్ హిల్ పార్క్ అనే ఇంటికి, 1898లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకు చేరినది. డ్యూకు తోటలో ఉండిన మొదటి జార్జి రాజు అశ్వారూఢ విగ్రహాన్ని 1748లో లండన్‌లోని లెస్టర్ స్క్వేర్‌లో నిలిపినారు. ఆదరణ లేక అది పాడైపోయినది. 1874లో ఆ తోటను కొత్తగా తీర్చిదిద్దేనాటికి అది అక్కడ లేదు.

ఇక కథకూ రుజువుకూ భేదం చూపే ఉదాహరణ ఒకటి ఉన్నది. ఆక్స్‌ఫర్డ్ నగరంలోని న్యూ కాలేజీ తోట ముందున్న ఇనుప కటకటాల వరుస కానన్స్‌నుండి వచ్చినదని పాత యాత్రాదర్శినులు రాసినవి. మాట వినడానికి సంభావ్యంగానే ఉన్నది: కానన్స్ ఇనుప పనికి పేరు పొందినది, వేలంలో కటకటాలు అమ్ముడుపోయినవి. కాని ఆ కాలేజీ కటకటాలను థామస్ రాబిన్‌సన్ అనే పనివాడు 1711లో చేసినాడు. అప్పటికి కానన్స్ కొత్త భవనపు పనే మొదలు కాలేదు; దాని వేలానికి ఇంకా 36 సంవత్సరాలు ఉన్నది. ఒక్క తేదీతో కథ కూలిపోయినది. ప్రసిద్ధమైన భవనం కూలినప్పుడు, చుట్టుపక్కల అందమైన ప్రతి వస్తువునూ దాని ఖాతాలో వేయడం లోకస్వభావం. అట్లా వేసినప్పుడు నిజంగా ఆ వస్తువును చేసిన పనివాని పేరు మరుగున పడిపోతుంది. రాబిన్‌సన్ పనితనానికి దక్కవలసిన కీర్తి డ్యూకు ధనానికి దక్కడం న్యాయం కాదుగదా!

ఇటువంటి సవరణ మరొక భవనం విషయంలోనూ జరిగినది. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని కాసియోబరీ హౌస్‌ను 1927లో కూలగొట్టినారు. 1677–80 ప్రాంతంలో చెక్కిన దాని కర్ర మెట్లవరుస 1932లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు చేరినది. ఆ చెక్కడం గిబ్బన్స్‌దేనని చాలాకాలం భావించినారు. శైలిని జాగ్రత్తగా పరిశీలించిన తరువాత అది ఎడ్వర్డ్ పియర్స్ అనే మరొక శిల్పి పని అని నేడు భావిస్తున్నారు.

ఈ ఉదాహరణలనుబట్టి శకలాలను మూడు తరగతులుగా విభజించవచ్చును. కాగితమూ వస్తువూ రెండూ ఏకమైనవి నిశ్చితాలు. ఒక్కటే సాక్ష్యం చెప్పి, మరొకటి వ్యతిరేకించనివి సంభావ్యాలు. నోటిమాట తప్ప మరే ఆధారం లేనివి జనశ్రుతులు. జనశ్రుతిని తృణీకరించనక్కరలేదు, ఎక్కడ వెదకవలెనో చాలాసార్లు అదే చూపుతుంది. కాని దానిని నిశ్చితంగా రాయరాదు.

అమరావతి రాళ్ళు

ఈ శాస్త్రం తెలుగువారికి దూరమైనది కాదు. కృష్ణాతీరంలోని అమరావతి మహాచైత్యం చరిత్ర ఇంచుమించు ఇటువంటిదే. పద్దెనిమిదవ శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతిని తమ రాజధానిగా నిర్మించుకొంటున్నప్పుడు, దీపాలదిన్నె అని పిలిచే దిబ్బను తవ్వి అందులోని రాళ్ళను కొత్త కట్టడాలకు తీసుకొన్నారు. కాలిన్ మెకంజీ 1797లో ఆ చోటిని చూచినాడు. 1816లో తిరిగి వచ్చి, తన సిబ్బంది చేత శిల్పాలకు చిత్రాలు, దిబ్బకు కొలతల పటాలు తయారు చేయించినాడు. తరువాత కొన్ని శిల్పాలు మచిలీపట్నానికి, 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వకాల తరువాత చాలా శిల్పాలు మద్రాసుకు, అక్కడినుండి కొన్ని లండన్‌కు పోయినవి. నేడు అవి ముఖ్యంగా చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలోను, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను, అమరావతిలోను ఉన్నవి.

కానన్స్‌కు వేలం జాబితా ఎటువంటిదో, అమరావతికి మెకంజీ చిత్రాలు అటువంటివి. ఆ చిత్రాలలో ఉండి నేడు ఏ మ్యూజియంలోనూ లేని శిల్పం నష్టమైపోయినదో, ఏ గోడలోనో ఉన్నదో వెదకవలసి ఉంటుంది. వెదికేటప్పుడు ఎటువంటి బొమ్మ కొరకు వెదకవలెనో ఆ చిత్రాలవల్లనే తెలుస్తుంది.

అమరావతి మరొక పాఠం కూడ నేర్పుతుంది. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పలకకు రెండు వైపులా శిల్పం ఉన్నది. ఒక వైపు క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దం నాటిది. రెండవ వైపు క్రీస్తుశకం మూడవ శతాబ్దం నాటిది. అనగా స్తూపం వైభవంగా ఉన్న రోజులలోనే పాత పలకను తిప్పి కొత్త శిల్పానికి వాడుకొన్నారు. పాత రాతిని తిరిగి వాడడం ప్రతిసారీ విధ్వంసం కాదు. ఒక్కొక్కసారి అది పొదుపు, ఒక్కొక్కసారి భక్తి.

విద్యార్థులు చేయదగిన పని

ప్రతి ఊరిలోనూ స్థానం తప్పిన రాళ్ళు, దూలాలు ఉంటవి. గుడి ప్రాకారంలో తలకిందులుగా ఉన్న చెక్కడపు రాయి, సావడి కప్పులో పనిలేని గాడులున్న దూలం, బావి గట్టులో అక్షరాలున్న బండ గమనించదగినవి. ఉపాధ్యాయుల పర్యవేక్షణలో విద్యార్థులు వాటి పట్టిక తయారు చేయవచ్చును. వస్తువు ఉన్న చోటు, దాని పొడవు, వెడల్పు, మందం, రాతి రంగు, చెక్కడపు తీరు, అతుకు గుర్తులు రాసి, పక్కన కొలబద్ద పెట్టి ఛాయాచిత్రం తీయవలెను. ఊరి పెద్దలు చెప్పిన మాటను వారి మాటగానే వేరొక గడిలో రాయవలెను. తాము చూచినదానితో కలపరాదు.

ఒక్క నియమాన్ని మాత్రం ఎన్నడూ మీరరాదు. ఏ శకలాన్నీ పెకలించరాదు, కడగరాదు, ఇంటికి తీసుకొనిపోరాదు. రాయి ఉన్న చోటు, దాని మీది సున్నపు పొర, పక్కనున్న రాయి, ఇవన్నీ సాక్ష్యంలో భాగాలే. వాటినుండి వేరుచేసిన క్షణంలో సగం సాక్ష్యం నశిస్తుంది. శాసనం గాని, ప్రాచీన శిల్పం గాని కనిపిస్తే పురావస్తుశాఖవారికి తెలియజేయవలెను.

కానన్స్ భవనాన్ని తిరిగి కట్టడం ఎవరివల్లా కాదు. కాని అందులో పనిచేసిన గాజు పనివాని సంతకం ఒక పల్లెటూరి చర్చి కిటికీలో నేటికీ చదువుకోవచ్చును. 1747లో ఎవరో జాగ్రత్తగా జాబితా రాసినందువల్లనే ఆ సంతకం ఏ గోడకు చెందినదో మనకు తెలిసినది. నేడు ఒక విద్యార్థి తన ఊరి రాళ్ళను గురించి రాసిపెట్టిన నాలుగు పుటలు కూడ రాబోయే తరాలకు అటువంటి జాబితాయే కావచ్చును.